వసతి గృహం సర్వేలో నిజమైన జవాబులు రాబట్టడం ఎలా?

ప్రశ్న (పర్లాకిమిడి): నేను ఒక కళాశాల విద్యార్థి సంక్షేమ విభాగంలో పని చేస్తున్నాను. వసతి గృహంపై ఒడియా, ఇంగ్లీషు భాషల్లో ఇచ్చిన ప్రశ్నాపత్రంలో తెలుగు పిల్లలు అన్నింటికీ "బాగుంది" అనే గుర్తు పెట్టారు. వారే భోజనాల దగ్గర నీటి ఇబ్బంది చెప్పుకుంటున్నారు. దేనిని నమ్మాలి?

జవాబు (బరంపురం): అయ్యా, న్యాక్ (కళాశాలల నాణ్యతను మదింపు చేసే జాతీయ సంస్థ) విద్యార్థి సంతృప్తి సర్వే ప్రధానంగా బోధనకు సంబంధించినది కనుక, వసతికి దానినే నమూనాగా తీసుకోకండి. ప్రశ్నలను తెలుగులోకి మార్పించి, మరొకరిచేత తిరిగి ఒడియాలోకి రాయించి పోల్చండి. ముందుగా కొద్దిమందితో చదివించి, ఏ ప్రశ్న ఎలా అర్థమైందో వారి నోటనే చెప్పించుకోండి. నా అనుభవంలో ఇదే ఎక్కువ మేలు చేసింది.

జవాబు (రాయగడ): కాగితాలను వార్డెన్‌చేత పంచించకండి. పేరు అడగకపోయినా ఊరు, శాఖ, సంవత్సరం మూడూ అడిగితే మనిషి తెలిసిపోతారండి.

ప్రశ్న అడిగినవారు: మేము ఆ మూడూ అడిగాము. తీసివేస్తాను.