సమస్యాపూరణం: తెలిసినవాడే యడిగెను తెలియనివానిన్

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య కందంలో నాలుగో పాదం.

తెలిసినవాడే యడిగెను తెలియనివానిన్

వస్తువు ఈసారి నేనే ఇస్తున్నాను. హాబిట్, లార్డ్ ఆఫ్ ద రింగ్స్ లాంటి కల్పిత గాథలు రాసిన ఇంగ్లీషు రచయిత టోల్కీన్ పుస్తకాల అభిమానుల్లో అన్నీ తెలిసినవాళ్లు, అప్పుడే అడుగుపెట్టినవాళ్లు, వీళ్లిద్దరి మధ్య జరిగే వ్యవహారం. మనలో చాలామందికి ఆ పుస్తకాల పిచ్చి ఉందని తెలిసే పెట్టాను. ఆమధ్య ఇక్కడే ఒకమ్మాయి ఏ పుస్తకంతో మొదలుపెట్టమంటారని అడిగితే, సిల్మరిలియన్ చదవకుండా మిగతావి చదవడం దండగని వరసపెట్టి చెప్పారు. కథాకాలం ప్రకారం అదే ముందు, కాదనను. కానీ అది టోల్కీన్ 1973లో పోయాక ఆయన కొడుకు క్రిస్టఫర్ రాతప్రతులన్నీ కూర్చి 1977లో తెచ్చిన పుస్తకం. దేవతల పుట్టుక, ఎల్ఫుల వంశాలు, ఒక్కొక్కరికి రెండు మూడు పేర్లు, ఇవన్నీ దాటుకుని వెళ్లాలి. 1937లో పిల్లల కోసం వచ్చిన హాబిట్ చేతిలో పెట్టాల్సిన మనిషికి ఆ పుస్తకం చెప్పాం. ఆ అమ్మాయి మళ్లీ కనిపించలేదు. నాకది ఇంకా బాధగానే ఉంది, అందుకే ఈ వస్తువు.

ప్రాస లకారం, ముందు లఘువు. ఆరో గణం జాగ్రత్త.

గోదారిగట్టు:
నా పూరణ. లార్డ్ ఆఫ్ ద రింగ్స్‌లో వచ్చే బాల్రోగ్ అనే భూతానికి రెక్కలున్నాయా లేవా అన్న పాత తగాదా మీద.

కలవా రెక్కలు చెప్పుము
వెలుగు పిశాచికి ననుచును వెఱపించుటకై
తొలి పుట విప్పిన బాలుని
తెలిసినవాడే యడిగెను తెలియనివానిన్

మాత్రలమాస్టారు:
గణాలు కుదిరాయి. వె–వె యతి సరే. తెలిసినవాడు తెలుసుకోడానికి కాదు, బెదిరించడానికి అడిగాడన్న విరుపు బాగుంది, సమస్యలో చిక్కు అక్కడే విడిపోయింది. నచ్చనిది "వెలుగు పిశాచి". అది నిప్పూ చీకటీ కలిసిన భూతం, వెలుగు అనగానే దీపంలా మెత్తగా వినిపిస్తోంది. ప్రాస కోసం తెచ్చిన మాటని ఇట్టే తెలిసిపోతుంది. ఇలా మార్చి చూడండి:

పలు మంటల భూతమునకు భయపెట్టుటకై

ప–భ యతి చెల్లుతుంది.

గోదారిగట్టు:
బాగుంది మాస్టారూ, కానీ "అనుచు" పోయింది కదా. చెప్పుము అన్నది ఎవరి మాటో తెలియాలి.

మాత్రలమాస్టారు:
మొదటి రెండు పాదాల్లో ప్రశ్న వరకు కొటేషన్ గుర్తులు పెట్టండి, చాలు. చదివేవాళ్లకి అందుతుంది.

మూలపాఠం:
రెక్కల సంగతి ఊరికే తగాదా కాదండీ. ఖజాద్ దూమ్ వంతెన అధ్యాయంలో ముందు దాని చుట్టూ ఉన్న నీడ రెక్కల్లా చాచుకుందని పోలికగా వస్తుంది. కొద్ది వాక్యాల తర్వాత, గోడ నుంచి గోడ దాకా రెక్కలు విప్పిందని నేరుగా వస్తుంది. రెండోది మొదటి పోలికకి కొనసాగింపా, నిజంగా రెక్కలా అన్నదే వాదం. పద్యం రాసేముందు ఆ అధ్యాయం చూసుకుని ఉంటే బాగుండేది.

నిర్వాహకుడు:
మూలపాఠం గారూ, చివరి వాక్యం ముందు దాకా అద్భుతంగా చెప్పారు. ఆ చివరి వాక్యం తీసేస్తే ఇది మాకందరికీ దాచుకోదగ్గ సమాచారం. ఆయన చూడలేదని మీకెలా తెలుసు? పద్యంలో ఎక్కడా ఉన్నాయనీ లేవనీ తేల్చలేదు కదా.

కొత్తచిగురు:
నమస్కారం అందరికీ. ఛందస్సు ఈమధ్యే నేర్చుకుంటున్నా, టోల్కీన్ కూడా కొత్తే. హాబిట్ అయిపోయింది, లార్డ్ ఆఫ్ ద రింగ్స్ మొదటి భాగం నడుస్తోంది. తప్పులుంటే చెప్పండి ప్లీజ్, కాస్త టెన్షన్‌గానే ఉంది.

కలవరమున బిల్బో యా
బిలములో "నా జేబులోన వింతేది?" యనన్
తల గోకెను గొల్లము తా
తెలిసినవాడే యడిగెను తెలియనివానిన్

గోదారిగట్టు:
అబ్బ! హాబిట్‌లో కథానాయకుడు బిల్బోకీ, చీకటి గుహలో ఉండే గొల్లమ్‌కీ జరిగే పొడుపుకథల పందెం పట్టుకొచ్చావమ్మా! జేబులో ఏముందో ఉన్నవాడికే తెలుసు, అడిగింది తెలియనివాణ్ణి. ఈ పాదానికి ఇంతకంటే సూటి పూరణ ఉండదు.

మూలపాఠం:
ఇందులో పొరపాటుంది. బిల్బో అడగలేదు. సొరంగంలో దొరికిన ఉంగరం సంగతి మర్చిపోయి, జేబులో చెయ్యి తగిలి, తనలో తాను పైకే అనుకున్నాడు. గొల్లమ్ అది తనకు వేసిన పొడుపుకథ అనుకున్నాడు. అంటే ఆ క్షణాన అడిగినవాడికీ తెలియదు. సమస్యే తప్పిపోయింది. అసలు ఏ ముద్రణ చదివారు? 1937 నాటిదీ 1951లో మార్చిందీ ఒకటి కావు, ముందు అది తెలుసుకుని రాయాలి.

కొత్తచిగురు:
క్షమించండి. పూరణ తీసేస్తాను.

నిర్వాహకుడు:
తీసేయకమ్మా, ఉంచు. ముందు ఛందస్సు చూద్దాం, తర్వాత కథ.

రెండో పాదంలో "బిలములో" అంటే ఐదు మాత్రలు, ఒకటి ఎక్కువ. "బిలమున" అంటే నాలుగు, గణం నిలుస్తుంది. బి–విం యతి చక్కగా పడింది. మూడో పాదంలో చివరి "తా" ఏ పనీ చెయ్యడం లేదు, మాత్రలు నింపడానికి వచ్చింది. "తల గోకినాడు గొల్లము" అంటే పాదం సరిగ్గా సరిపోతుంది, రెండో గణం జగణం, సరి స్థానం కాబట్టి తప్పులేదు. మొత్తం ఇలా:

కలవరమున బిల్బో యా
బిలమున "నా జేబులోన వింతేది?" యనన్
తల గోకినాడు గొల్లము
తెలిసినవాడే యడిగెను తెలియనివానిన్

ఇక కథ. మూలపాఠం గారు చెప్పినది నిజం, మొదట బిల్బో తనలో తానే అనుకున్నాడు. కానీ గొల్లమ్ ఇది అన్యాయం అని గోల చేశాక బిల్బో అదే ప్రశ్నని మళ్లీ, ఈసారి గట్టిగా, పందెం ప్రశ్నగానే అడిగాడు. అప్పటికి జేబులో ఉన్నది ఉంగరమని వాడికి తెలుసు. గొల్లమ్ మూడు అవకాశాలు అడిగి పుచ్చుకున్నాడు కూడా. కాబట్టి పద్యం నిలబడింది.

మూలపాఠం గారూ, 1937, 1951 అని ఊరించి వదిలేశారు. ఆ అమ్మాయికి అది వివరంగా చెప్పండి. పరీక్ష పెట్టినట్టు కాకుండా, కథ చెప్పినట్టు చెప్పండి.

మూలపాఠం:
సరే. 1937 ముద్రణలో గొల్లమ్ పందెం ఒడ్డింది ఉంగరాన్నే. ఓడిపోయాక ఇద్దామని వెతికితే దొరకలేదు, పాపం క్షమాపణ అడిగి బయటికి దారి చూపించి పంపేశాడు. తర్వాత రాస్తున్న పెద్ద కథ లార్డ్ ఆఫ్ ద రింగ్స్‌లో ఆ ఉంగరం అంత భయంకరమైనదని తేలాక, దాన్ని ఎవడైనా చేతులారా ఇచ్చేస్తాడా అన్న చిక్కు వచ్చింది. అందుకే 1951లో ఆ అధ్యాయం మార్చారు. ఇప్పుడు మనం చదివే గొల్లమ్, ఉంగరం పెట్టుకుని బిల్బోని చంపుదామని వెళ్లేవాడు, అప్పుడు వచ్చినవాడే. నాకు బాగా నచ్చేది ఏమిటంటే, పాత కథని టోల్కీన్ పారేయలేదు. బిల్బో మొదట అందరికీ అలా అబద్ధం చెప్పాడని పెద్ద పుస్తకం ముందుమాటలో కలిపేసుకున్నాడు. మీ పద్యంలోని ప్రశ్న మాత్రం రెండు ముద్రణల్లోనూ ఉంది.

కొత్తచిగురు:
అయ్యో, ఆ ముందుమాట చదివాను కానీ బిల్బో ఎందుకు అబద్ధమాడాడో అర్థం కాలేదు. ఇప్పుడు తెలిసింది! చాలా థ్యాంక్స్ అండీ.

మాత్రలమాస్టారు:
నాదొకటి. ముగింపులు ముందే చెప్పేవాళ్ల మీద.

తలపై పిడుగై "చివరకు
నిలిచెడి దెవ్వరొ తెలుపనె నీకిపు?" డనుచున్
తొలి భాగపు చదువరినే
తెలిసినవాడే యడిగెను తెలియనివానిన్

గోదారిగట్టు:
"తెలుపనె" బాగా పడింది మాస్టారూ. వద్దనేలోపే చెప్పేస్తారు వాళ్లు. లార్డ్ ఆఫ్ ద రింగ్స్ రెండో భాగం 1954 నవంబర్‌లో వస్తే మూడోది 1955 అక్టోబర్ దాకా రాలేదు, ఆ కాలం పాఠకులు ఏడాది పాటు ఊపిరి బిగబట్టుకున్నారు. నెలనెలా చందమామ సీరియల్ కోసం కాచుకున్నవాళ్లకి ఆ ఉత్కంఠ ఎంత విలువైనదో చెప్పక్కర్లేదు. "నీకిపు?" దగ్గర విరుపు మాత్రం కంటికి కాస్త అడ్డం, చెవికి ఫరవాలేదు.

నిర్వాహకుడు:
చివరగా నా పూరణ.

పలుమార్లు చదివి చదివియు
తొలి చదువుల తీపి మఱచి "తోడ్పడు" మనుచున్
కలలో తేలెడి కుఱ్ఱని
తెలిసినవాడే యడిగెను తెలియనివానిన్

ఎంత చదివినా మనకు తిరిగి రానిది మొదటిసారి చదవడం ఒక్కటే. అది కొత్తగా వచ్చినవాళ్ల దగ్గరే ఉంది, అడిగితే వాళ్లు సంతోషంగా చెబుతారు. చిగురు, ప్రస్తుతం ఎక్కడున్నావమ్మా కథలో?

కొత్తచిగురు:
మోరియా అనే పాత గనుల తలుపు ఇప్పుడే దాటానండీ. ఆ తలుపు మీద రాత ఉంటుంది కదా, మిత్రమా పలికి లోపలికి రా అని. మాంత్రికుడు గాండాల్ఫ్ తనకొచ్చిన మంత్రాలన్నీ చదువుతుంటే నేను చదవడం ఆపేసి ఆ వాక్యమే మళ్లీ మళ్లీ చూశాను. మిత్రమా అనేది పిలుపు కాకపోతే? పలకాల్సిన మాటే అదైతే? అనిపించింది. పేజీ తిప్పితే అదే! ఇంట్లో అందరూ పడుకున్నారు, ఎవరికీ చెప్పుకోలేక అటూ ఇటూ తిరిగాను.

మూలపాఠం:
నిజంగా ముందే పట్టారా? నేను సినిమా చూశాకే పుస్తకం చదివాను, 2001 సినిమాలో కథానాయకుడు ఫ్రోడో చెప్పేస్తాడు, కాబట్టి నాకు ఆ అవకాశమే రాలేదు. ఒక్కటి గమనించారా, పుస్తకంలో దాని అర్థమేమిటని మొదట అడిగేది ఫ్రోడో నేస్తం మెర్రీ. తలుపు తెరుచుకున్నాక గాండాల్ఫే ఒప్పుకుంటాడు, అందరిలోకీ మెర్రీ సరైన దారిలో ఉన్నాడని. గాండాల్ఫ్ మంత్రాలు మొదలుపెట్టకముందే ఆ వాక్యం మీకు అనుమానంగా అనిపించిందా, లేక మంత్రాలు పారకపోయాకేనా? వివరంగా రాయండి, మధ్యలో అడ్డం రాను.

నిర్వాహకుడు:
రాయి చిగురు, మేమూ చదువుతాం. ఈలోగా వచ్చే వారం సమస్య, ఆటవెలది నాలుగో పాదం:

రెక్క లేని గువ్వ దిక్కులేలె

రెక్క–దిక్కులకి ప్రాసయతి చెల్లింది, యతి తప్పిందని ఎవరూ కంగారుపడకండి. వస్తువు మీ ఇష్టం.