ఐదు తీగల బేస్ గిటార్‌కు 34 అంగుళాల స్కేల్ సరిపోతుందా, 35 తప్పదా?

మంద్రసాధకుడు:
పదకొండేళ్లుగా నాలుగు తీగల బేస్ వాయిస్తున్నాను. ఇప్పుడు ఐదు తీగల వాయిద్యం ఒకటి చేయించుకోవాలనుకుంటున్నాను. కలప, పికప్‌లు (తీగ కంపనాన్ని పట్టే అయస్కాంతపు భాగాలు), నెక్ వెడల్పు అన్నీ ఒక కొలిక్కి వచ్చాయి గాని స్కేల్ దగ్గర, అంటే నట్ (నెక్ పైకొసన తీగలు ఆనే గాడిపట్టీ) నుంచి శాడిల్ (కింద బ్రిడ్జ్ మీద తీగ ఆనే చోటు) వరకు తీగ మోగే పొడవు దగ్గర, ఆగిపోయాను. ప్రస్తుతం స్నేహితుడి దగ్గర తీసుకున్న 34 అంగుళాల ఐదు తీగల బేస్ నా దగ్గర ఉంది. అందులో ఇ తీగ వరకు స్వరం స్పష్టంగానే పలుకుతోంది. అన్నిటికంటే మంద్రమైన ఐదో తీగ, బి తీగకు వచ్చేసరికి మీటగానే స్వరం కాస్త పైకి లేచి, ఆ తర్వాత కిందికి జారి, ఐదో ఫ్రెట్ (నెక్ మీది లోహపు అడ్డపట్టీ) దాటాక నేను ఏ స్వరం వాయించానో నాకే అంతుపట్టడం లేదు. ఈ తీగకు 34 చాలదా, లేక లోపం మరెక్కడైనా ఉందా? రెండు కొలతలూ వాయించినవారు, చేసినవారు దయచేసి చెప్పండి.

ఉలిపట్టు:
నేను బేస్ గిటార్లు చేస్తాను కనుక సూటిగానే చెబుతాను. బి తీగ కావాలనుకుంటే 35 అంగుళాలకు తగ్గకండి. 34 అనే కొలత బి తీగ కోసం పుట్టింది కాదు. లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్‌ను తెచ్చినప్పుడు దానికి ఉన్నవి నాలుగే తీగలు, వాటిలో అన్నిటికంటే కిందిది సుమారు 41 హెర్ట్జ్‌ల ఇ. బి తీగ సుమారు 31 హెర్ట్జ్‌ల దగ్గర మోగుతుంది, అంటే ఇ కంటే నాలుగో వంతు తక్కువ. ఇ కోసం కుదిర్చిన పొడవులో దీన్ని కూడా సర్దుకోమంటే అది వదులుగానే ఉంటుంది. అదే తీగను, అదే శ్రుతిలో, ఒక్క అంగుళం ఎక్కువ పొడవున బిగిస్తే బిగువు సుమారు 6 శాతం పెరుగుతుంది, ఎందుకంటే బిగువు పొడవు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. ఆంథొనీ జాక్సన్ తన ఆరు తీగల కాంట్రాబేస్ గిటార్‌కు 36 అంగుళాలు ఎంచుకున్నారు. షెల్డన్ డింగ్‌వాల్ చేసే వాయిద్యాలలో చాలావాటికి బి తీగ 37 అంగుళాలు ఉంటుంది. చెవి అడిగింది కాబట్టే వారు ఆ పొడవులకు వెళ్లారు.

నాలుగోవేలు:
ఉలిపట్టు గారితో ఏకీభవించలేను. మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రే 5 వచ్చినది 1987లో, దాని స్కేల్ 34 అంగుళాలు. దాని బి తీగ మీద లెక్కలేనన్ని రికార్డింగులు జరిగాయి. అవన్నీ బురదలా ఉన్నాయని ఎవరంటారు? ఇక ఆ 6 శాతం సంగతి. బి తీగ మందాన్ని 0.125 అంగుళం నుంచి 0.130కి పెంచితే తీగ బరువు, దానితోపాటు బిగువు సుమారు 8 శాతం పెరుగుతాయి. నెక్ మార్చకుండా, చేతిని సాగదీయకుండా, ఒక్క తీగ మార్చి మీ అంగుళం కంటే ఎక్కువే సంపాదించవచ్చు.

మంద్రసాధకుడు గారూ, స్వరం లేచి జారుతోందన్నారు కదా, ముందు బ్రిడ్జ్ దగ్గర చూడండి. మందమైన తీగ శాడిల్ మీద నుంచి సూటిగా బయలుదేరకుండా విల్లులా వంగి ఉంటే అది మోగే పొడవు ఒక చోట నిలవదు. శాడిల్‌కు రెండు మూడు మిల్లీమీటర్ల ముందు తీగను బొటనవేలితో గట్టిగా కిందికి నొక్కి, ఆ వంపు పోగొట్టి, మళ్లీ శ్రుతి చేయండి. నట్ దగ్గర కూడా అంతే చేయండి. బి తీగ వైపు పికప్‌ను కొంచెం దించండి, ఎందుకంటే అయస్కాంతం దగ్గరగా ఉంటే తీగను లాగి స్వరాన్ని వణికిస్తుంది. తీగ కొస కత్తిరించే ముందు దాన్ని పదునుగా వంచారో లేదో కనుక్కోండి. వంచకుండా కత్తిరిస్తే లోపలి తీగ మీది చుట్టు సడలిపోయి తీగ మూగబోతుంది. ఇవేవీ చూడకుండా నెక్ పొడవు పెంచమనడం సరి కాదు.

తాళమేళం:
ఆ బి తీగ మందం ఎంత, ఎప్పుడు వేసింది? అది తెలియకుండా మాట్లాడుకోవడం తొందరపాటు.

మంద్రసాధకుడు:
మందం 0.125. వేసి మూడేళ్లయిందని స్నేహితుడు చెప్పాడు.

ఉలిపట్టు:
మూడేళ్ల తీగ మీద ఏ తీర్పూ చెల్లదని ఒప్పుకుంటాను. కాని నాలుగోవేలు గారు బిగువును, స్పష్టతను ఒకటిగా చూస్తున్నారు. మందం పెంచితే తీగ బిరుసెక్కుతుంది. బిరుసైన తీగ కొంత కడ్డీలా కంపిస్తుంది, దాని ఉపస్వరాలు మూలస్వరానికి సరిగ్గా రెండు, మూడు, నాలుగు రెట్ల దగ్గర నిలవకుండా కాస్త పైకి జరుగుతాయి. చాలా స్పీకర్లు 31 హెర్ట్జ్‌లను బలంగా పలికించలేవు కాబట్టి మన చెవి బి స్వరాన్ని పోల్చుకునేది 62, 93 హెర్ట్జ్‌ల దగ్గరి ఉపస్వరాలను పట్టుకునే. అవే పక్కకు జరిగితే ఏ స్వరమో తెలియకపోవడంలో ఆశ్చర్యం లేదు. అదే తీగను 34 నుంచి 35కు తీసుకుపోతే ఈ దోషం సుమారు 11 శాతం తగ్గుతుంది. ఇక్కడ పొడవు నాలుగో ఘాతంలో పనిచేస్తుంది. బొటనవేలితో నొక్కితే ఇది తగ్గదు.

నాలుగోవేలు:
చుట్టు తీగలో బిరుసుతనం ప్రధానంగా లోపలి తీగది. లోపలి తీగను అలాగే ఉంచి పైచుట్టు పెంచితే బరువు, బిగువు పెరుగుతాయి గాని బిరుసు పెద్దగా పెరగదు, పైగా బిగువు పెరిగినందువల్ల మీరు చెప్పిన ఆ దోషమే తగ్గుతుంది. శాడిల్ దగ్గర పైచుట్టు తీసేసి సన్నగా చేసిన టేపర్ తీగలు ఉన్నది కూడా మందమైన తీగ అక్కడ చక్కగా వంగడానికే. తీగ చేసేవారు తీర్చగలిగిన దాన్ని వాయించేవారి ఎముకల మీద ఎందుకు వేయాలి?

ఉలిపట్టు:
మందం పెంచేటప్పుడు లోపలి తీగను మార్చకుండా ఉంచే తయారీదారులు ఉన్నారు, మార్చేవారూ ఉన్నారు. ప్యాకెట్ మీద రాసి ఉండేది పైమందమే. కొనేవారికి ఆ తేడా తెలిసే దారి ఏది? అంగుళం పొడవు మాత్రం ఏ తీగ వేసినా ఉంటుంది.

వాలుఫ్రెట్:
రాల్ఫ్ నొవాక్ ఫ్యాన్డ్ ఫ్రెట్‌లకు, అంటే ఒక్కో తీగకు ఒక్కో పొడవు వచ్చేలా విసనకర్రలా వాలుగా పరిచిన ఫ్రెట్‌లకు, 1989లోనే పేటెంట్ పొందారు. బి తీగకు పొడవు, జి తీగకు పొట్టి ఇచ్చేస్తే ఇద్దరి మాటా నెగ్గుతుంది కదా.

నాలుగోవేలు:
నెగ్గదండీ. చెయ్యి ఎక్కువ చాచవలసింది నట్ దగ్గర, బి తీగ మీద. అక్కడే పొడవు పెంచారు.

తాళమేళం:
నెక్ పొడవు పెరిగితే అది కంపనానికి ఇంకా సులువుగా లొంగుతుంది. జి తీగ మీద ఐదు నుంచి ఏడో ఫ్రెట్ ప్రాంతంలో స్వరం చటుక్కున చచ్చిపోయే చోట్లు అలా వచ్చేవే. నెక్ కొసన ఉండే హెడ్‌స్టాక్ కూడా ఇంకాస్త దూరం జరిగి ఎడమ చెయ్యి మీదికి ఒరుగుతుంది. 35 చేయిస్తే నెక్ లోపల కార్బన్ కడ్డీలు పెట్టించుకోవాలి, తేలికపాటి ట్యూనర్లు వేయించుకోవాలి. దీన్ని ఇద్దరూ వదిలేశారు.

ఉలిపట్టు:
కార్బన్ కడ్డీలు నేను ఎలాగూ వేస్తాను. ఎముకల మాట వచ్చింది కాబట్టి లెక్కే చూద్దాం. నట్ నుంచి నాలుగో ఫ్రెట్ వరకు 34లో 178 మిల్లీమీటర్లు, 35లో 183. తేడా ఐదు మిల్లీమీటర్లు. డబుల్ బేస్ వాద్యకారులు సుమారు 41, 42 అంగుళాల తీగ మీద ఒకటి, రెండు, నాలుగు వేళ్ల పద్ధతిలో చేతిని జరుపుతూ జీవితమంతా వాయిస్తున్నారు. చేతిని చాచడం మాని జరపడం నేర్చుకున్నవారికి ఐదు మిల్లీమీటర్లు అడ్డం కాదు, నెల రోజుల్లో అలవాటైపోతుంది. ఎడమ చేతి పద్ధతి కుదరనివారే స్కేల్ మీద నేరం మోపుతారు.

నాలుగోవేలు:
"నెల రోజుల్లో అలవాటైపోతుంది" అనే మాట నేను ఇంతకుముందు ఒకసారి విన్నాను. అది నాకు ఎంత ఖరీదైందో చెబుతాను.

నా ఎడమ మణికట్టులో స్నాయువు వాచి, ఏడు నెలలు బేస్ ముట్టుకోలేదు. జరపడం రాక వచ్చిన వాపు కాదు, మీరు చెప్పిన ఒకటి, రెండు, నాలుగు పద్ధతిలోనే ఇరవై ఏళ్లు వాయించాను. తగ్గాక 33 అంగుళాల ఐదు తీగల బేస్ కావాలని ఒక తయారీదారుకు కాగితం మీద కొలతతో సహా రాసిచ్చాను. పద్నాలుగు నెలలు ఎదురుచూశాను. పెట్టె తెరిచి ఒళ్లో పెట్టుకుని మొదటి ఫ్రెట్ దగ్గర చెయ్యి పెట్టగానే ఏదో తేడాగా తోచింది. టేపు తెచ్చి నట్ నుంచి పన్నెండో ఫ్రెట్ వరకు కొలిచాను. 419 మిల్లీమీటర్లు ఉండవలసిన చోట 444 ఉంది. 35 అంగుళాల నెక్ చేసి పంపారు. అడిగితే, 33లో బి తీగ పలకదని, తమ పేరు చెడుతుందని, నెలలో అలవాటవుతుందని జవాబు వచ్చింది. మూడో వారానికి నొప్పి తిరిగి వచ్చింది. ఆ వాయిద్యం బి తీగ నిజంగా అద్భుతంగా పలుకుతుంది. నేను దాన్ని వాయించలేను.

మీరు ఐదు మిల్లీమీటర్లు అని రాసినప్పుడు నాకు ఆ పెట్టె గుర్తుకొస్తుంది.

ఉలిపట్టు:
అడిగిన కొలతను చెప్పకుండా మార్చడం తప్పు. అది చేసినవారు ఎవరైనా సరే, నేను సమర్థించను. మీ చేతి పద్ధతి గురించి తెలియకుండా రాసిన వాక్యాన్ని వెనక్కు తీసుకుంటున్నాను.

నా వైపు సంగతి కూడా వినండి. కొన్నేళ్ల క్రితం ఒకరు 34 అంగుళాల ఐదు తీగల బేస్ అడిగారు. వద్దని రెండుసార్లు చెప్పాను, వినకపోతే చేసిచ్చాను. వారు దానికి 0.120 మందం బి తీగ వేసుకుని, శాడిల్ ఎత్తు పూర్తిగా దించేసి, ఆ గరగరను రికార్డు చేసి, ఇదిగో ఫలానా వారి పనితనం అని తెలిసినవారందరికీ వినిపించారు. అప్పటికే ఒప్పుకున్న రెండు పనులు నా చేతి నుంచి పోయాయి. నేను సరిచేసి పంపిన ఎత్తు ఎంత, వేసిన తీగ ఏది అని ఒక్కరూ అడగలేదు. హెడ్‌స్టాక్ మీద ఉన్నది నా పేరు, తీగ వేసినవారి పేరు కాదు. అప్పటినుంచి 34లో ఐదు తీగలు చేయడం మానేశాను. ఎవరు ఏ తీగ వేసినా, ఎంత వదిలేసినా, కనీసం ఆ మాత్రం పలికే వాయిద్యమే నా చేతుల మీదుగా బయటికి వెళ్లాలనుకుంటాను.

నాలుగోవేలు:
ఈ మాటే మొదట చెప్పి ఉంటే నేను ఇంత దూరం వచ్చేవాడిని కాదు. మీరు 35 అంటున్నది బి తీగకు అది తప్పనిసరి అయినందుకు కాదు, సరిగ్గా చూసుకోనివారి చేతిలో కూడా మీ పేరు నిలబడాలని. అది న్యాయమైన కారణమే. 34లో చేయనని తిరస్కరించే హక్కు మీకు ఉంది. కాని "నేను చేయను" అనడానికీ "అది పలకదు" అనడానికీ చాలా దూరం ఉంది. రెండో మాట విన్న కొత్తవారు తమ చేతికి సరిపడని వాయిద్యం కొనుక్కుని, నొప్పి వస్తే లోపం తమదే అనుకుంటారు.

ఉలిపట్టు:
తప్పనిసరి అనే మాట ఎక్కువైంది, నిజమే. కాని ఒకే తీగ వేసి రెండు నెక్‌లు పక్కపక్కన వినిపిస్తే 35నే ఎంచుకుంటాను, ఇప్పటికీ. నా చెవి నాకు అబద్ధం చెప్పడం లేదు.

నాలుగోవేలు:
నా మణికట్టు కూడా నాకు అబద్ధం చెప్పడం లేదు.

మంద్రసాధకుడు:
ఈ నాలుగు రోజుల్లో చేసినవి చెబుతాను. 0.130 మందం కొత్త తీగ వేశాను, కొసను వంచాకే కత్తిరించాను. శాడిల్ దగ్గర, నట్ దగ్గర తీగను నొక్కాను. నొక్కినప్పుడు శ్రుతి స్పష్టంగా కిందికి పడింది, అంటే అంతసేపూ అక్కడ వంపు ఉన్నట్టే. పికప్‌ను బి తీగ వైపు దించాను. స్వరం లేచి జారడం పోయింది. ఏడో ఫ్రెట్ వరకు ఇప్పుడు బాగా పలుకుతోంది. ఆ పైన మాత్రం ఇంకా మొద్దుగానే ఉంది, అదే స్వరం ఇ తీగ మీద వాయిస్తే ఉన్న తేట ఇక్కడ రావడం లేదు.

నా చేతికి ఇప్పటివరకు ఏ నొప్పీ లేదు, కాని 35ను ఎక్కువసేపు పట్టుకున్నదీ లేదు. చేయించుకున్నాక తెలుసుకోవడం భయంగా ఉంది.

ఉలిపట్టు:
చేయించక ముందే చూసుకునే దారి ఉంది. నెక్ వెడల్పున్న చెక్కపట్టీ మీద కాగితం అంటించి ఫ్రెట్ గీతలు గీయండి. స్కేల్ పొడవును 17.817తో భాగిస్తే మొదటి ఫ్రెట్ దూరం వస్తుంది. మిగిలిన పొడవును మళ్లీ అదే సంఖ్యతో భాగిస్తే రెండోది, ఇలా చివరి వరకు. 34కు మొదటి ఫ్రెట్ 48.5 మిల్లీమీటర్లు, 35కు 49.9. పట్టీకి స్ట్రాప్ తగిలించి, నిలబడి, మీరు రోజూ వాయించే వరుసలను అరగంట పాటు దాని మీద వేళ్లతో నొక్కండి. మరుసటి రోజు ఉదయం చెయ్యి ఎలా ఉందో చూసుకోండి. వారం చేయండి.

నాలుగోవేలు:
33 కూడా గీయమనండి.

ఉలిపట్టు:
33కు మొదటి ఫ్రెట్ 47 మిల్లీమీటర్లు. మూడు పట్టీలూ చేయండి మంద్రసాధకుడు గారూ, ఏ పట్టీ ఏ కొలతో వెనకవైపు రాసి, మీ ఇంట్లో ఎవరినైనా చేతికి అందించమనండి.