ఉగాది స్టాళ్లు: మన చిన్న వ్యాపారాలకు సోషల్ మీడియా పని ఎవరెవరు చూసుకుంటారు?

స్టాల్స్ కోఆర్డినేటర్

అందరికీ నమస్కారం. ఈసారి ఉగాది మార్చి 19, గురువారం. మన అసోసియేషన్ వేడుక 21, శనివారం, డాలస్ దగ్గర ఫ్రిస్కోలో స్కూల్ ఆడిటోరియంలో. స్టాళ్లకు ఇప్పటికి 22 మంది పేర్లు ఇచ్చారు. అందులో రెస్టారెంట్లు, రియల్ ఎస్టేట్ వాళ్లు ఆరుగురు. వాళ్ల ప్రచారం వాళ్లు చూసుకోగలరు. నేను మాట్లాడేది మిగతా 16 మంది గురించి. ఇంట్లో సున్నుండలు, జంతికలు, కారప్పొడులు చేసేవాళ్లు, గెస్ట్ రూమ్‌లో చీరలు సర్దుకుని అమ్మేవాళ్లు, మగ్గం వర్క్ బ్లౌజులు కుట్టేవాళ్లు, మెహందీ పెట్టేవాళ్లు, కూచిపూడి క్లాసు నడిపే టీచర్ గారు.

పోయినేడాది ఏం చేశామో గుర్తుందిగా. ఒకే ఫ్లయర్‌లో 18 లోగోలు ఇరికించి 14 వాట్సాప్ గ్రూపుల్లో వేశాం. ఆ ఫ్లయర్ చేసింది నేనే. ఫోన్‌లో చూస్తే ఏ లోగో ఎవరిదో ఆనవాలు తెలియలేదు. రెండు గ్రూపుల్లో అడ్మిన్లు తీసేశారు కూడా. అయినా వేడుక రోజు జనం బాగా వచ్చారు, సున్నుండల స్టాల్‌లో మధ్యాహ్నానికే సరుకు అయిపోయింది. సంతోషించాం.

మూడు వారాల తర్వాత ఆ స్టాల్ పిన్నిగారు గుడిలో కనిపిస్తే, ఆర్డర్లు ఎలా ఉన్నాయని అడిగాను. "ఇద్దరే చేశారమ్మా" అన్నారు. తిన్నవాళ్లకు రుచి నచ్చింది. మళ్లీ ఎవరిని అడగాలో తెలియలేదు. డబ్బా మీద నంబరు లేదు, పేరు చిన్న అక్షరాల్లో ఉంది. ముందు రోజు రాత్రి రెండింటి దాకా ఉండలు చుట్టిన మనిషి ఆవిడ. ఆ మాట నా మనసులో ఉండిపోయింది.

అందుకే ఈసారి ఒక్క లెక్కే పెట్టుకుందాం. ఏప్రిల్ నెలాఖరుకు ఒక్కో స్టాల్‌కు మళ్లీ కొన్నవాళ్లు ఎంతమంది? మన పోస్టులు, వీడియోలు, క్యూఆర్ కోడ్‌లు అన్నీ దానికోసమే. లైకులు ఎన్ని వచ్చాయని ఎవరూ నాకు చెప్పొద్దు. ఎవరెవరు ఏ పని తీసుకుంటారో రాయండి.

మీడియా టీమ్

అక్కా, వీడియోల పని నాది. ఫిబ్రవరి 14, 15 శనాదివారాల్లో ఒక్కొక్కరి ఇంటికి వెళ్లి తీద్దాం. ఒక్కో వ్యాపారానికి ఒక రీల్, 20 నుంచి 30 సెకన్లు. మన అసోసియేషన్ పేజీలో రోజుకొకటి చొప్పున పెడితే మార్చి మొదటి వారానికల్లా అయిపోతుంది. ప్రతిదానికీ "డాలస్‌లో బెస్ట్ సున్నుండలు", "ఉగాది ఆఫర్" అని క్యాప్షన్ పెట్టనా? కొంచెం డబ్బు పెట్టి ఫేస్‌బుక్ యాడ్ కూడా వేద్దాం. ఫ్రిస్కో చుట్టూ ఇన్ని మైళ్లు అని పెడితే ఆ చుట్టుపక్కల వాళ్లకే కనిపిస్తుంది.

ట్రెజరర్

ఒక్క నిమిషం ఆగు నాన్నా. మనది 501(సి)(3) సంస్థ, అంటే లాభాపేక్ష లేని, పన్ను మినహాయింపు ఉన్న సంస్థ. మనకు డబ్బిచ్చిన స్పాన్సర్ల గురించి మన పేజీలో ఏం రాస్తామన్నది ముఖ్యం. పేరు, లోగో, అడ్రసు, వెబ్‌సైట్ లింకు, ఏం అమ్ముతారో మామూలు మాటల్లో చెప్పడం, ఇవన్నీ స్పాన్సర్‌కు కృతజ్ఞత చెప్పినట్టే లెక్క. "ఊళ్లో బెస్ట్", "10 శాతం తగ్గింపు", "ఈరోజే ఆర్డర్ ఇవ్వండి" అని రాస్తే ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) దృష్టిలో అది వ్యాపార ప్రకటన అవుతుంది. ఆ డబ్బు మీద పన్ను లెక్క వేరుగా చూడాల్సి రావచ్చు. స్టాల్ ఫీజు వేరు, స్పాన్సర్‌షిప్ వేరు అనుకోండి. అయినా పేజీ ఒకటే కాబట్టి అందరికీ ఒకే పద్ధతి పెట్టుకుంటే తలనొప్పి ఉండదు.

కాబట్టి మన పేజీలో "ఫలానావారు, ఫలానా చోట, ఇవి చేస్తారు, 21న మన దగ్గర స్టాల్ ఉంటుంది" అంతవరకే. ధర, ఆఫర్, పొగడ్త వాళ్ల సొంత పేజీలో వాళ్లు పెట్టుకుంటారు. యాడ్ వేయాలన్నా వాళ్ల పేజీ నుంచి, వాళ్ల డబ్బుతో వేసుకోవాలి.

స్టాల్స్ కోఆర్డినేటర్

బాబాయిగారూ, ఇది నాకు తెలియదు, మంచి సమయంలో చెప్పారు. ఒక రకంగా ఇదే మేలు. మన పేజీ మార్చి తర్వాత దసరా దాకా నిద్రపోతుంది. కస్టమర్ వాళ్ల పేజీకి అలవాటు పడితేనే ఏడాదంతా పనికొస్తుంది. మనం పరిచయం చేద్దాం, అమ్ముకోవడం వాళ్ల చోట జరగనిద్దాం.

సున్నుండల స్టాల్

అమ్మా, నాకు ఇన్‌స్టాగ్రామ్ లేదు. వాట్సాప్ ఒక్కటే వచ్చు. వీడియోలో నా మొహం వద్దమ్మా, నాకు టెన్షన్. మా కోడలు ఆఫీసు పనితోనే సతమతమవుతోంది, దాన్ని అడగలేను.

స్టాల్స్ కోఆర్డినేటర్

పిన్నిగారూ, మొహం అక్కర్లేదు, మీ చేతులు చాలు. మిగతావాళ్లకు అర్థం కావాలని నిన్న సాయంత్రం పిన్నిగారింట్లో నా ఫోన్‌తో ఒకటి తీసి చూశాను. అది ఎలా వచ్చిందో చెప్తాను.

మూకుడులో పొట్టు మినప్పప్పు వేగుతోంది. ఫోన్ దగ్గరగా పెడితే గరిటె తిప్పినప్పుడల్లా గలగలమని చప్పుడు. ఆ తర్వాత పిండి, తురిమిన బెల్లం, మధ్యలో చిన్న గుంట చేసి అందులో కాచిన నెయ్యి. నెయ్యి పడగానే పిండి రంగు ఒక్కసారిగా ముదిరింది. ఆవిడ అరచేతిలో తీసుకుని నాలుగు వేళ్లతో నొక్కి తిప్పారు. ఉండ మీద వేళ్ల గుర్తులు అలాగే ఉన్నాయి. ఆఖరున దాన్ని రెండుగా విరిచారు, లోపల తడి మెరిసింది. మొత్తం 26 సెకన్లు. వంటగది పైలైటు ఆపేసి కిటికీ పక్కన తీశాను, అందుకే రంగు బాగా వచ్చింది.

పాట పెట్టలేదు. పెట్టొద్దు కూడా. ఇన్‌స్టాగ్రామ్‌లో బిజినెస్ అకౌంట్లకు సినిమా పాటలు చాలావరకు వాడనివ్వరు, వాడితే వీడియో మూగబోయే ప్రమాదం ఉంది. మినప్పప్పు వేగే చప్పుడుకన్నా మంచి పాట ఏముంటుంది? దాన్ని నా వాట్సాప్ స్టేటస్‌లో పెడితే ఈ పొద్దుటికి తొమ్మిది మంది "ఎక్కడ దొరుకుతాయి?" అని అడిగారు. పోయినేడాది ఫ్లయర్ చూసి ఒక్కరు కూడా అలా అడగలేదు.

చీరల స్టాల్

నా సమస్య వేరు. చీర ఫొటో పెట్టగానే కింద 20 కామెంట్లు "ప్రైస్ ప్లీజ్" అని. అందరికీ డీఎం (విడిగా మెసేజ్) చేస్తాను, సగం మంది తిరిగి మాట్లాడరు. పైగా రంగు గొడవ. ఫొటోలో నెమలికంఠం రంగులా ఉంది, ఇంటికొచ్చాక నీలం అంటారు. ఒక చీర అలాగే వెనక్కి వచ్చింది.

మీడియా టీమ్

అక్కా, ధర పోస్టులోనే రాసేయండి. ధర అడిగి డీఎం కోసం ఎదురుచూసేలోపు వాళ్లు ఇంకో పేజీ చూసేస్తారు. మీకు కూడా 20 సార్లు అదే టైప్ చేసే బాధ తప్పుతుంది. ధర చూసి వచ్చినవాళ్లు కొనడానికే వస్తారు. రంగు సంగతికి ఫిల్టర్లు వాడకండి. పగటి వెలుతురులో అంచు, పల్లూ, బ్లౌజు ముక్క విడివిడిగా తీయండి, ఒక చిన్న వీడియోలో చీర మడత విప్పి చూపించండి. ఫాల్, పికో ధరలో కలిసి ఉన్నాయా, బ్లౌజు కుట్టడం వేరా అన్నది కూడా అక్కడే రాయండి. ఎక్కువ ప్రశ్నలు వాటి మీదే వస్తాయి కదా.

ఫుడ్ కమిటీ

ఇంటి వంటవాళ్లు ముగ్గురూ ఇది చదవండి. ఇంట్లో చేసి అమ్మే తినుబండారాలకు వర్తించే టెక్సాస్ కాటేజ్ ఫుడ్ చట్టం పోయిన సెప్టెంబర్ 1, 2025 నుంచి మారింది. ఏడాదికి 50,000 డాలర్ల అమ్మకం దాకా ఉన్న పరిమితి 1,50,000 అయింది. సున్నుండలు, జంతికలు, పొడులు చేసేవాళ్లకు ఇది మంచి వార్త. కానీ లేబుల్ తప్పనిసరి, అందులో ఇంట్లో తయారైందన్న వాక్యం కూడా ఉండాలి. అలర్జీ పదార్థాలు రాయాలి. నెయ్యి ఉంటే పాలు అని, జీడిపప్పు, గోధుమ ఏది ఉంటే అది. జంతికల్లో నువ్వులు వేస్తాం కదా, 2023 నుంచి నువ్వులు కూడా ఆ జాబితాలోకి వచ్చాయి, మర్చిపోకండి.

సోషల్ మీడియాతో దీనికేం సంబంధం అంటారేమో. ఆన్‌లైన్‌లో ఆర్డర్ తీసుకుంటే, డబ్బు తీసుకునే ముందే ఆ లేబుల్ వివరాలు కొనేవాళ్లకు తెలియాలి. వ్యాపారాలకు వాడే వాట్సాప్ బిజినెస్ యాప్‌లో కేటలాగ్ ఉంటుంది. ప్రతి ఐటమ్ కింద బరువు, ధర, ఏమేం వేశారు, అలర్జీలు, ఇంట్లో చేసినదని రాసేస్తే ఈ పని కూడా అయిపోతుంది. వేడిగా వండి వడ్డించే స్టాళ్లకు సిటీ పర్మిట్ సంగతి నేను వేరుగా చూస్తున్నాను.

యూత్ వాలంటీర్

ఆంటీ, క్యూఆర్ కోడ్‌లు నేను చేస్తాను. ఒక్కో స్టాల్‌కు ఒక్కటే కోడ్ పెడదాం. ఇన్‌స్టాగ్రామ్‌కు ఒకటి, ఫేస్‌బుక్‌కు ఒకటి, డబ్బు పంపే జెల్‌కు ఒకటి అని మూడు పెడితే ఎవరూ ఏదీ స్కాన్ చేయరు. స్కాన్ చేస్తే నేరుగా ఆ స్టాల్ వాట్సాప్ తెరుచుకుంటుంది, "ఉగాది స్టాల్ దగ్గర చూశాను" అనే మెసేజ్ ముందే టైప్ అయి ఉంటుంది. పంపితే చాలు. ఆ మాటతో వచ్చినవాళ్లను లెక్కపెడితే మీరు అడిగిన ఏప్రిల్ లెక్క కూడా తేలుతుంది. స్కూల్లో సిగ్నల్ బాగుండదు కాబట్టి కోడ్ కింద నంబరు కూడా పెద్ద అక్షరాల్లో వేస్తాను.

స్టాల్స్ కోఆర్డినేటర్

శభాష్ అమ్మా! నాకు ఇది తట్టనే లేదు.

దీనికి ఇంకో ముక్క కలుపుతాను. ఒకేసారి చాలామందికి విడివిడిగా పంపే వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో పంపిన మెసేజ్, మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. అందుకని స్టాల్ దగ్గరే "నా నంబరు సేవ్ చేసుకోండి, నెలకోసారి ఏం చేస్తున్నానో పంపుతాను, వద్దంటే ఆపేస్తాను" అని చెప్పాలి. అడగకుండా ఎవరినీ గ్రూపులో చేర్చొద్దు. పోయినేడాది ఒక స్టాల్ వాళ్లు లక్కీ డ్రా చీటీల నుంచి నంబర్లు తీసి గ్రూపు పెట్టారు. నాకే నాలుగు ఫిర్యాదులు వచ్చాయి.

మెసేజ్ వచ్చాక ఆలస్యం చేయొద్దు. ఉద్యోగాలు చేస్తూ ఇది నడిపేవాళ్లకు పగలు జవాబివ్వడం కష్టమే. వాట్సాప్ బిజినెస్‌లో ఆటోమేటిక్ జవాబు పెట్టుకోవచ్చు: "ఆఫీసులో ఉన్నాను, రాత్రి 8 తర్వాత జవాబిస్తాను, పికప్ శనివారం ఉదయం". చెప్పిన టైముకు తప్పకుండా జవాబివ్వండి. కొత్త ఆర్డర్, డబ్బు రావాల్సింది, అయిపోయింది అని చాట్‌లకు లేబుళ్లు కూడా పెట్టుకోవచ్చు. పిన్నిగారు ఇప్పటిదాకా క్యాలెండర్ వెనకాల పెన్సిల్‌తో రాసుకుంటున్నారు, నిన్న అవన్నీ ఫోన్‌లోకి ఎక్కించాం.

మెహందీ స్టాల్

నా ఫ్రెండ్‌కు తెలిసిన ఒకమ్మాయికి ఇన్‌స్టాగ్రామ్‌లో చాలామంది ఫాలోవర్లు ఉన్నారు. ఫ్రీగా మెహందీ పెడితే వీడియో చేస్తానంటోంది. ఒప్పుకోనా? ఇంకొకటి, గూగుల్ రివ్యూ రాసినవాళ్లకు ఐదు డాలర్లు తగ్గిస్తే ఎలా ఉంటుంది?

మీడియా టీమ్

ముందు ఆ అమ్మాయి ఫాలోవర్లు ఏ ఊళ్లో ఉన్నారో అడగండి. తన అకౌంట్‌లో అది కనిపిస్తుంది. ఎక్కువమంది హైదరాబాద్‌లో ఉంటే వాళ్లెవరూ ఇక్కడ మన పక్క ఊళ్లు ప్రాస్పర్‌కో లిటిల్ ఎల్మ్‌కో వచ్చి మెహందీ పెట్టించుకోరు. మీ సబ్‌డివిజన్ గ్రూపులో 200 మంది ఉన్నా మీకు వాళ్లే విలువైనవాళ్లు. చేస్తే గనక, ఫ్రీగా పెట్టించుకున్నానని తను వీడియోలో స్పష్టంగా చెప్పాలి, ఇక్కడ వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ నిబంధన అది.

రివ్యూకు తగ్గింపు వద్దండి. గూగుల్ ఒప్పుకోదు, రివ్యూలు తీసేస్తుంది. మన వాలంటీర్లం కొనకుండా ఐదు స్టార్లు వేయడం కూడా వద్దు. నకిలీ రివ్యూల మీద ఎఫ్‌టీసీ నియమం 2024 అక్టోబర్ నుంచి అమల్లో ఉంది. పని నచ్చినవాళ్లను మర్యాదగా అడగండి, లింకు పంపండి, చాలు.

కూచిపూడి టీచర్

గూగుల్‌లో పెడితే మా ఇంటి అడ్రసు అందరికీ కనిపిస్తుందని భయం. పిల్లల వీడియోలు పెట్టడం కూడా నాకు ఇష్టం లేదు.

స్టాల్స్ కోఆర్డినేటర్

టీచర్ గారూ, గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో అడ్రసు దాచి, ఏ ఊళ్లకు సేవ ఇస్తారో మాత్రం చూపించుకోవచ్చు. "కూచిపూడి క్లాసెస్ ఫ్రిస్కో" అని వెతికే తల్లిదండ్రులకు మీరు కనిపించాలి. వాళ్లకు ఇన్‌స్టాగ్రామ్ కన్నా అదే ముఖ్యం. పిల్లల విషయంలో మీ మాటే నా మాట. తల్లిదండ్రులు రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే మొహాలు కనపడాలి. లేకపోతే గజ్జెలు కట్టిన పాదాలు, అడుగులు వేస్తుంటే మీరు తట్టుకర్రతో వేసే తాళం, ఇంతే తీద్దాం.

పనులు ఇలా పంచుకుందాం. వీడియోలు మీడియా టీమ్. క్యూఆర్ కోడ్‌లు, స్టాల్ కార్డులు యూత్, మార్చి 7కల్లా ప్రింట్ అయిపోవాలి. కేటలాగ్, లేబుల్ మాటలు ఫుడ్ కమిటీ. పేజీలో పోస్టయ్యే ప్రతి వాక్యం ట్రెజరర్ బాబాయిగారు ఒకసారి చూస్తారు. వాట్సాప్ బిజినెస్ పెట్టుకోవడం రానివాళ్లు ఆదివారం మా ఇంటికి రండి, టీ తాగుతూ పెట్టేద్దాం.

సున్నుండల స్టాల్

కేటలాగ్‌లో మూడు ఐటమ్‌లు పెట్టానమ్మా, సరిగ్గా ఉన్నాయో లేదో చూడు. నీ స్టేటస్ చూసి అడిగినవాళ్లలో ఐదుగురు ఆర్డర్ ఇచ్చారు. శనివారం పొద్దున రెండు కిలోల మినప్పప్పు వేయిస్తాను. లేబుళ్లు అంటించడానికి ఎవరైనా వస్తారా?

యూత్ వాలంటీర్

పదింటికి వస్తాను అమ్మమ్మా. ప్రింటర్ కూడా తెస్తాను.