సమస్యాపూరణం: “మూషికము సింహమును జంపె ముచ్చటగను”

నిర్వాహకుడు:

బెంగళూరు పద్యమిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్య తేటగీతిలో నాలుగవ పాదం. పైకి పొసగనట్లున్న ఈ పాదానికి అర్థం కుదిరేలా ముందు మూడు పాదాలు వ్రాయాలి.

“మూషికము సింహమును జంపె ముచ్చటగను”

ఎలుక వల కొరికి సింహాన్ని విడిపించిన కథ మనకు తెలుసు, చంపిన కథ మాత్రం లేదు. పురాణాల జోలికీ, కలగన్నట్లు చెప్పే సులువు దారికీ పోకుండా, ఆటల కోసం కొత్తగా కొన్న కంప్యూటరు మౌసును మొదటిసారి పరీక్షించే సందర్భంలోనే పూరించాలని నియమం పెడుతున్నాను. తేటగీతికి ప్రాసనియమం లేదు. పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు ఉండాలి, పాదం మొదటి అక్షరానికీ నాలుగవ గణం మొదటి అక్షరానికీ యతి, అంటే ధ్వనిసామ్యం, కుదరాలి. ఆ అక్షరాలకు బదులు వాటి తరువాతి అక్షరాలు కుదిరే ప్రాసయతికి అభ్యంతరం లేదు.

వైట్‌ఫీల్డ్ కోడుకవి:

కంప్యూటరు సామాన్లు అమ్మే ఎస్.పి. రోడ్డులో కొన్న మౌసును తలచుకొని వ్రాశాను గురువుగారూ.

పేటవీధిలోఁ గొనితెచ్చి ప్రియసుతుండు
వేయి మారులు సెకనులో వివరమంపు
హస్తమునఁ బట్టె నొడుపుగా నాటలోన
మూషికము, సింహమును జంపె ముచ్చటగను.

నిర్వాహకుడు:

చాలా బాగుంది. ‘మూషికము’ తరువాత మీరు విరిచిన విరుపులోనే సమస్య విడిపోయింది. ‘పట్టె మూషికము’ అని మూడవ పాదంతో కలిసిపోయి అది కర్మ అయింది, ‘చంపె’ అన్న క్రియకు సుతుడే కర్త అయ్యాడు. ‘మూషికమును’ అనకుండా ‘మూషికము’ అనవచ్చునా అని ఎవరైనా అడుగుతారేమో. జడపదార్థాన్ని చెప్పే మాటకు ద్వితీయార్థంలో ప్రథమ రావడం మన వ్యాకరణానికి సమ్మతమే. ‘పుస్తకము చదివెను’ అంటున్నాం కదా! చేతిలో ఉన్నది ప్రాణమున్న ఎలుక అయితే ఈ సౌకర్యం దక్కేది కాదు, కంప్యూటరు మౌసు కనుకనే దక్కింది. అంటే మీ పూరణలో వస్తువే వ్యాకరణానికి ఆధారమయింది. నాకు అన్నిటికంటె నచ్చిన సంగతి ఇదే.

ఒక్క లోపం ఉంది. ‘వివరమంపు’ అన్న విశేషణం మూషికానికి చెందినది, కాని మధ్యలో ఒక పాదం అడ్డుపడడం వల్ల వివరమంపేది హస్తమేమో అనిపిస్తుంది. ప్రాస లేదు కనుక రెండు, మూడు పాదాలను తారుమారు చేస్తే చాలు, ఒక్క అక్షరమైనా మార్చవలసిన పని లేదు.

పేటవీధిలోఁ గొనితెచ్చి ప్రియసుతుండు
హస్తమునఁ బట్టె నొడుపుగా నాటలోన
వేయి మారులు సెకనులో వివరమంపు
మూషికము, సింహమును జంపె ముచ్చటగను.

జయనగరవాసి:

‘వేయి మారులు’ అన్నది కవి అతిశయోక్తియా, నిజమా?

వైట్‌ఫీల్డ్ కోడుకవి:

నిజమేనండీ. మామూలు యు.ఎస్.బి. మౌసు తన కదలికను కంప్యూటరుకు సాధారణంగా సెకనుకు 125 సార్లు, అంటే 8 మిల్లీసెకన్లకు ఒకసారి చెబుతుంది. ఆటలకు చేసినవి 1000 సార్లు, అంటే మిల్లీసెకనుకు ఒకసారి చెబుతాయి. దీనినే పోలింగ్ రేటు అంటారు. ఆఫీసు పనిలో ఈ తేడా ఎవరికీ తెలియదు గాని, పరుగెత్తే లక్ష్యం వెంట గురిగుర్తును లాగేటప్పుడు చేతికి తెలుస్తుంది.

మారతహళ్ళి మిత్రుడు:

నేను పద్యానికి కొత్తవాడిని, ఆటకు పాతవాడిని. తప్పులుంటే మన్నించి దిద్దండి.

వేల చుక్కలు పెట్టిన వేగమునకు
గుఱియె తప్పెను, తగ్గించి కుదురుపఱుప
చుక్క లెన్మిది వందలై చక్కనయ్యె
మూషికము, సింహమును జంపె ముచ్చటగను.

జయనగరవాసి:

మూడవ పాదంలో యతి తప్పింది. ‘చు’కు ‘చ’ చెల్లదు. హల్లు కుదిరినా అచ్చు కుదరలేదు.

నిర్వాహకుడు:

అచ్చు కుదరలేదన్న మాట నిజమే గాని, యతి తప్పలేదండీ. ‘చుక్క’, ‘చక్క’ అన్నచోట రెండవ అక్షరాలు రెండూ ‘క్క’యే, వాటి ముందున్నవి రెండూ గురువులే. కనుక ప్రాసయతి చక్కగా కుదిరింది. కొత్తవారు తెలిసి వేశారో, చెవి చెప్పినట్లు వేశారో గాని, అది ఈ పద్యానికి అందం.

నా ఆక్షేపణ వేరు. ఇక్కడ సింహాన్ని చంపినదెవరు? పద్యంలో మనిషి లేడు. ‘చక్కనయ్యె మూషికము’ అని ఆగినా, తరువాతి ‘చంపె’కు కర్త కోసం వెదికితే మళ్ళీ ఆ మూషికమే దొరుకుతుంది. అప్పుడు సమస్య విడిపోలేదు, ఒక అడుగు వెనుకకు జరిగింది, అంతే. ఆటగాడిని మొదటి పాదంలోనే ప్రవేశపెడదాం.

వేల చుక్కల వేగాన వీరుఁ డాట
గుఱినిఁ దప్పెను, తగ్గించి కుదురుపఱుప
చుక్క లెన్మిది వందలై చక్కనయ్యె
మూషికము, సింహమును జంపె ముచ్చటగను.

ఇక ‘చుక్కలు’ అంటే ఏమిటో ఆట తెలియని వారికి మీరే చెప్పాలి.

మారతహళ్ళి మిత్రుడు:

ధన్యవాదాలు గురువుగారూ. చుక్కలంటే డి.పి.ఐ. మౌసును ఒక అంగుళం జరిపితే అది ఎన్ని మెట్లుగా లెక్కపెట్టి పంపుతుందో ఆ సంఖ్య. తెర వెడల్పు 1920 పిక్సెళ్ళనుకోండి, మెట్టుకు ఒక పిక్సెల్ చొప్పున బాణం గుర్తు జరుగుతుందనుకోండి. 800 దగ్గర తెర ఈ చివరి నుండి ఆ చివరకు పోవడానికి చేయి 2.4 అంగుళాలు జరగాలి, 3200 దగ్గర 0.6 అంగుళం చాలు. కొత్త మౌసు పెట్టె మీద పెద్ద అంకె చూసి మురిసిపోయి దానిని అలాగే పెట్టేవారే ఎక్కువ. అప్పుడు చిటికెన వేలు వణికినా గురి సింహాన్ని వదిలి చెట్టు మీదికి పోతుంది. విండోస్‌లో చేతి వేగాన్ని బట్టి బాణం దూరాన్ని మార్చే సదుపాయం ఒకటి ఉంటుంది, దానిని కూడా తీసివేస్తేనే చేతికి లెక్క అలవాటవుతుంది. ఇదంతా నాలుగు పాదాల్లో పట్టక ‘కుదురుపఱుప’ అని ఊరుకున్నాను.

నిర్వాహకుడు:

ఊరుకున్నారు కనుకనే పద్యం నిలిచింది.

మల్లేశ్వరం బామ్మ:

నాయనలారా, నా మనుమడు అరిచిన అరుపునే పద్యం చేశాను.

తెఱను జూచుచు మనుమఁడు తెలిపె నిట్లు:
త్రాడు లేనట్టి, బరువును తక్కువైన,
అరువదే గ్రాము లుండెడి యందమైన
మూషికము సింహమును జంపె ముచ్చటగను.

నిర్వాహకుడు:

అమ్మా, ‘ఇట్లు తెలిపె’ అనడం సమస్యాపూరణలో అందరూ తొక్కిన దారే. ఎంతటి అసంబద్ధమైన మాటనైనా ఒకరి నోట పెట్టి తప్పుకోవచ్చు. అయినా మీ పద్యంలో ఆ దారికి అర్హత ఉంది, ఎందుకంటే ఆట ఆడే పిల్లవాడు నిజంగానే అలా అంటాడు, విజయాన్ని తన చేతికి గాక చేతిలోని కొత్త వస్తువుకు కట్టబెడతాడు. ‘బరువును తక్కువైన’ అన్న తరువాత ‘అరువదే గ్రాములు’ అనడం మాత్రం పునరుక్తి. అంకె చెప్పినప్పుడు విశేషణం అక్కరలేదు. రెండవ పాదాన్ని “తాకినంతనే కదిలెడి త్రాడులేని” అని మారిస్తే తేలికతనం ‘తాకినంతనే’ అన్నచోట తెలుస్తుంది, యతీ చెడదు.

మల్లేశ్వరం బామ్మ:

మారుస్తాను నాయనా. అంత తేలికైనది దేనికని నేనూ అడిగాను. గురి మారినప్పుడల్లా మౌసును ఎత్తి పక్కన పెట్టాలట, బరువైతే మణికట్టు నొప్పి పుడుతుందట.

యలహంక విద్యార్థి:

నా మొదటి పాదం మాత్రం చూడండి. “క్రొత్త మౌసును చేతబట్టి గుఱిపెట్టె”. గణాలు కుదిరాయి గాని ఏదో తేడాగా వినిపిస్తున్నది.

నిర్వాహకుడు:

మీ చెవి సరిగానే ఉంది. గణవిభజన చేస్తే ‘క్రొత్త, మౌసును, చేతబ, ట్టిగుఱి, పెట్టె’ అని వస్తుంది. మీరు యతి అనుకున్నది ‘గు’, యతిస్థానంలో ఉన్నది ‘ట్టి’. “క్రొత్త మౌసునుఁ జేతిలోఁ గుదురుపఱచి” అంటే సరిపోతుంది. ఇంకొక మాట, మొదటి పాదంలో ‘మౌసు’ అని చెప్పేస్తే చివరి ‘మూషికము’ చదువరికి ఆశ్చర్యం కలిగించదు. గుట్టును చివరిదాకా దాచండి.

జయనగరవాసి:

ఆక్షేపించడమే కాదు, పూరణ కూడా తెచ్చాను.

కొయ్యపెట్టెకుఁ జక్రాలు కూర్చి నాఁడు
చేసినట్టిది మారుచుఁ జేరె నేఁడు;
ఆయుధమ్మయి యాటలో నడవిలోన
మూషికము సింహమును జంపె ముచ్చటగను.

1964లో అమెరికా ఇంజనీరు డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఆలోచన మేరకు స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో తయారైన తొలి మౌసు నిజంగానే కొయ్యపెట్టె. అడుగున ఒకదానికొకటి అడ్డంగా రెండు చక్రాలు, పైన ఒకే మీట ఉండేవి. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో దానిని సభలో చూపించారు.

నిర్వాహకుడు:

ఇక్కడ విరుపు లేదు, ఎవరో అన్నారన్న సాకూ లేదు. మూషికమే కర్త. ‘బాణము మృగమును జంపెను’ అన్నట్లు సాధనాన్ని కర్తగా చెప్పడం లోకంలో ఉన్నదే, ‘ఆయుధమ్మయి’ అన్న మాట ఆ అన్వయానికి తలుపు తీసింది. కోడుకవిగారిది విరుపు వల్ల, మీది అర్థం వల్ల సాధించిన పూరణ. నాకు మొదటిదే ఎక్కువ ఇష్టం. మీ మొదటి రెండు పాదాలు చరిత్ర చెప్పడంలో మునిగి, కొత్త మౌసును పరీక్షించడమనే నియమాన్ని మరచిపోయాయి.

వైట్‌ఫీల్డ్ కోడుకవి:

ఒక సవరణకు అనుమతి కోరుతున్నాను. ఇప్పుడు సెకనుకు 8000 సార్లు చెప్పే మౌసులూ వచ్చాయి. మూడవ పాదాన్ని “ఎనిమిదౌ వేల మారులై యెఱుక సేయు” అని మార్చవచ్చునా?

నిర్వాహకుడు:

గణాలూ యతీ కుదిరాయి గాని ‘సెకనులో’ అన్న మాట జారిపోయింది. ఎంతసేపట్లో అన్నది చెప్పకపోతే ఎనిమిది వేలకూ ఎనిమిదికీ తేడా తెలియదు. మీ పద్యంలో వేయినే ఉంచండి.