తుంటి మార్పిడి లేకుండా నెట్టుకొస్తున్నవాళ్లు ఉన్నారా?

లక్ష్మి_కర్నూలు: మా తమ్ముడికి 31 ఏళ్లు. కోవిడ్ అప్పుడు స్టెరాయిడ్లు బాగా వాడారు. తర్వాత గజ్జల్లో నొప్పి మొదలైంది, ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. నొప్పి తగ్గకపోతే ఎమ్మారై తీయించాం. రెండువైపులా ఏవీఎన్, అంటే రక్తం అందక తుంటి ఎముక చచ్చిపోవడం. కుడి స్టేజ్ 2, ఎడమ స్టేజ్ 1. ఒక డాక్టరుగారు కోర్ డీకంప్రెషన్ చేద్దామంటున్నారు. ఇంకొకరు ఎప్పటికైనా మార్చాల్సిందేగా, ఇప్పుడే మార్చేద్దాం అంటున్నారు. ఇంత చిన్న వయసులో మార్పిడి అంటే భయమేస్తోంది.

రమణ_బీ: అక్కా, ముందు ఒకటే అడగండి: తొడ ఎముక పైనుండే బంతి కుంగిందా, ఇంకా గుండ్రంగానే ఉందా? కుంగకపోతే డ్రిల్లింగ్‌కి, అదే కోర్ డీకంప్రెషన్‌కి, అవకాశం ఉంది. నాకు అదే చేశారు. తొడ పక్కన చిన్న గాటు పెట్టి, రక్తం అందక చచ్చిన భాగం దాకా రంధ్రం చేస్తారు. లోపలి ఒత్తిడి తగ్గి కొత్త రక్తనాళాలు వస్తాయని ఆశ. నాకు నడుం పక్క ఎముక నుంచి మజ్జ తీసి అందులో ఎక్కించారు కూడా. రాత్రి నొప్పి తగ్గింది. కానీ అందరికీ నిలుస్తుందని మాత్రం అనుకోకండి, నా పక్క బెడ్ ఆయనకు తర్వాత మార్పిడి తప్పలేదు.

ఫిజియో_సునీత: చచ్చిన భాగం ఎంత, బరువు పడే చోట ఉందా అన్నదీ ముఖ్యం. స్టెరాయిడ్ ఇంకా వాడుతుంటే సొంతంగా ఆపేయొద్దు, రాసిన డాక్టరుతోనే తగ్గించుకోవాలి. మద్యం, సిగరెట్ ఉంటే మానేయాల్సిందే. సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే జబ్బు) ఉన్న పిల్లలు గజ్జల్లో నొప్పి అన్నా ఇలాగే ఎమ్మారై అడగండి, దయచేసి వాయిదా వేయకండి.

శ్రావణి_డల్లాస్: నాది ఏవీఎన్ కాదు, తుంటిలో బంతి కూర్చునే గిన్నె పుట్టుకతోనే లోతు తక్కువ. పీఏవో అనే, గిన్నెను సరిచేసే ఆపరేషన్ చేయించుకున్నా. స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో గాంజ్ అనే సర్జన్ 1984లో మొదలుపెట్టిన పద్ధతి. గిన్నె చుట్టూ ఎముక కోసి, బంతిని బాగా కప్పేలా తిప్పి స్క్రూలు వేస్తారు. గిన్నె వెనకవైపు ఎముక స్తంభం తెగదు కాబట్టి కటి గట్టిగానే ఉంటుంది. పెద్ద ఆపరేషనే, కోలుకోవడానికి నెలలు పట్టింది. మృదులాస్థి అరిగిపోయాక చేసి లాభం లేదు. అయినా మీ తమ్ముడి సమస్య వేరు, ఆయనకు రమణగారు చెప్పిందే వర్తిస్తుంది.

లక్ష్మి_కర్నూలు: బంతి కుంగలేదనే రాశారు రిపోర్టులో! రెండువైపులా ఒకేసారి చేస్తారా?

రమణ_బీ: కొందరికి చేస్తారు. కానీ డ్రిల్ చేసిన ఎముక విరిగే ప్రమాదం ఉంటుంది, కొన్ని వారాలు బరువు వేయనివ్వరు. రెండు కాళ్లకూ అదే పరిస్థితి అయితే మంచం దిగడానికీ మనిషి కావాలి. ఇంట్లో వెస్ట్రన్ కమోడ్ లేకపోతే ఆపరేషన్‌కి ముందే పెట్టించండి.