రిటైర్మెంట్ అడ్వైజర్ పరీక్ష: ఎవరెట్లా చదివారు?

కాజీపేట_వాసి: నిస్మ్ (సెబీ పెట్టిన శిక్షణ సంస్థ) సిరీస్ 17, అదే రిటైర్మెంట్ అడ్వైజర్ పరీక్షకు ఫీజు కట్టాను. చదివింది తెలుగు మీడియం బీకాం, చేసేది ఇన్సూరెన్స్ ఏజెంటు పని. వర్క్‌బుక్ అంతా ఇంగ్లిషే, చూస్తేనే టెన్షన్. రాసినవాళ్లు ఎక్కడ మొదలుపెట్టారో చెప్పండి.

హన్మకొండ_అక్క: ముందు లెక్కలు పట్టుకో తమ్ముడూ, భాష తర్వాత అదే వస్తుంది. ఇవాళ నెలకు 30 వేలతో గడిచే ఇంటికి, ధరలు ఏటా 6 శాతం పెరిగితే, 20 ఏళ్ల తర్వాత దాదాపు 96 వేలు కావాలి. ఇలాంటివి ఎక్సెల్‌లో రోజూ చేసి చూడు. కోచింగ్‌కు డబ్బులు పోయకు.

గోదావరిఖని_బిడ్డ: నాకు మా ఇంటి కాగితాలే పుస్తకం అయ్యాయి అన్నా. మా నాన్న సింగరేణిలో చేశారు, ఆయన పింఛను ఈపీఎఫ్ఓ (మామూలు కంపెనీ ఉద్యోగుల పీఎఫ్ సంస్థ) నుంచి రాదు, బొగ్గు గనులవాళ్ల ప్రావిడెంట్ ఫండ్ వేరు, 1998 నాటి పింఛను పథకం వేరు. మా బస్తీలో ఇద్దరు టీచర్లున్నారు, 2004 సెప్టెంబరు 1కి ముందు చేరినాయనకు పాత పింఛను, తర్వాత చేరినాయనకు సీపీఎస్, అంటే జీతంలోంచి నెలనెలా కోసి మార్కెట్‌లో పెట్టే పింఛను. ఒకరికి ఎంత వస్తుందో ముందే తెలుసు, ఇంకొకరిది మార్కెట్‌ను బట్టి. ఈ ఇద్దరి తేడా అర్థమైతే సగం సిలబస్ మన బస్తీలోనే ఉన్నట్టు.

ములుగురోడ్_అకౌంట్స్: ఈపీఎస్, అంటే ఈపీఎఫ్ఓ ఇచ్చే పింఛను లెక్క వదలొద్దు. పింఛనుకు లెక్కలోకి తీసుకునే జీతాన్ని సర్వీసు ఏళ్లతో హెచ్చించి 70తో భాగించాలి. సర్వీసు 20 ఏళ్లు నిండితే ఇంకో 2 ఏళ్లు కలుస్తాయి, చాలామంది ఇక్కడే మార్కు పోగొట్టుకుంటారు. 15 వేల జీతం, 28 ఏళ్ల సర్వీసు అయితే 30 పెట్టి చేయాలి, 6,428 వస్తుంది.

హన్మకొండ_అక్క: యాన్యుటీ, అంటే ఒకేసారి డబ్బు కట్టి నెలనెలా పింఛను తీసుకునే పాలసీ, దాని మీద ఎక్కువ టైం పెట్టు. కట్టిన సొమ్ము వారసులకు తిరిగొచ్చే రకంలో నెలనెలా వచ్చేది తక్కువ, రానిదాంట్లో ఎక్కువ. భర్త పోయాక భార్యకు ఆగిపోయే రకం కొనిపెట్టిన ఇళ్లు చూశాను, ఆమె చేతిలో ఏమీ మిగల్లేదు. పరీక్ష కోసమే కాదు, దయచేసి ఇది మనసు పెట్టి చదవండి.

జగిత్యాల_రాజు: పాసయితే సలహాకు ఫీజు తీసుకోవచ్చా?

ములుగురోడ్_అకౌంట్స్: సర్టిఫికెట్ ఒక్కటే చాలదు సార్. పీఎఫ్‌ఆర్‌డీఏ (పింఛను రంగాన్ని నియంత్రించే సంస్థ) 2016 నిబంధనల ప్రకారం అడ్వైజరుగా రిజిస్టర్ కావాలి. ఎన్‌పీఎస్ (జాతీయ పింఛను పథకం) నుంచి డబ్బు తీసుకునే నియమాలు మారుతుంటాయి, పాత నోట్సు నమ్మకుండా కొత్త వర్క్‌బుక్ దించుకోండి.

కాజీపేట_వాసి: అక్కా, రేపటి నుంచి యాన్యుటీ. అన్నా, మీ నాన్నగారి పింఛను లెక్క ఎలా కడతారో ఇక్కడ పెడతారా? మా మామ కూడా భూపాలపల్లి గనుల్లోనే చేశారు.