‘నైస్’ని తెలుగులో ఏమనాలి?

ఒక అనువాదం చేస్తూ చాలా చిన్న మాట దగ్గర ఇరుక్కుపోయాను. ‘నైస్’. మామూలుగా అయితే ‘బాగుంది’ అని రాసేసి ముందుకు పోతాం. నాకు మాత్రం ఒకే అధ్యాయంలో నాలుగుసార్లు తగిలింది, నాలుగు చోట్లా నాలుగు అర్థాలు. ఒకచోట మనిషి స్వభావం, ఒకచోట ఎండ, ఇంకోచోట పచ్చి వెటకారం. నాలుగోచోట ఇద్దరు లాయర్లు ‘నైస్ డిస్టింక్షన్’ గురించి వాదించుకుంటున్నారు. దాన్ని ‘చక్కని తేడా’ అని రాసి, మర్నాడు చదువుకుని నాలుక కరుచుకున్నాను. అక్కడ రావలసింది ‘సూక్ష్మమైన తేడా’.

సరే, ఈ మాట కథేమిటా అని తవ్వితే ఇంకా సరదాగా ఉంది. మూలం లాటిన్ ‘నెస్కియుస్’. ‘నె’ అంటే కాదు, ‘స్కీరె’ అంటే తెలియడం. మన ‘అజ్ఞుడు’ ఎలా తయారయ్యాడో ఇదీ అలాగే తయారైంది. పాత ఫ్రెంచి మీదుగా సుమారు 1300లో ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు దీని అర్థం ‘తెలివితక్కువ’. ఆ కాలంలో ఎవరినైనా నైస్ అంటే తిట్టినట్టే! ‘సైన్స్’ కూడా ఆ ‘స్కీరె’ నుంచి వచ్చిందే. ఒకే ఇంటి బిడ్డలు, ఒకరికి చదువబ్బింది, ఒకరికి అబ్బలేదు.

అక్కణ్ణించి అర్థం జారుతూ పోయింది. ఏమీ తెలియనితనం బిడియమైంది, బిడియం సుకుమారమైంది, సుకుమారం ముదిరి ప్రతిదానికీ వంకలు పెట్టే పట్టింపు అయింది. పట్టింపు ఉన్నవాడు పట్టిపట్టి చూస్తాడు కాబట్టి ‘నిశితమైన, సూక్ష్మమైన’ అన్న అర్థం వచ్చింది. మన లాయర్ల నైస్ ఇక్కడిదే. ‘బాగుంది, హాయిగా ఉంది’ అన్న అర్థం పద్దెనిమిదో శతాబ్దంలో గానీ స్థిరపడలేదు. స్థిరపడ్డాక ఇక పట్టపగ్గాల్లేవు. 1817 చివర్లో వచ్చిన జేన్ ఆస్టెన్ నవల ‘నార్తాంగర్ ఆబీ’లో హెన్రీ టిల్నీ ఈ మాట మీదే కథానాయికను ఆటపట్టిస్తాడు. ఈ రోజూ నైసే, ఈ నడకా నైసే, మీరిద్దరూ నైసే, దేనికైనా సరిపోయే మాట అంటాడు. రెండు వందల ఏళ్ళు దాటినా అతని ఫిర్యాదు పాతబడలేదు.

తెలివితక్కువతనం అందంగా మారడమేమిటి అనుకోకండి. మన ‘ముగ్ధ’ చేసిన పనీ అదే. ‘మూఢుడు’, ‘ముగ్ధ’ రెండూ సంస్కృతంలో ‘ముహ్’ ధాతువు నుంచి వచ్చినవే. మూఢుడు తిట్టుగా మిగిలిపోయాడు, ముగ్ధ మాత్రం మనోహరమైంది. దీన్ని అర్థసౌమ్యత అంటారని బళ్ళో చదువుకున్నాం. ఇంగ్లీషులో దీనికి ఎదురు దిక్కుగా నడిచిన మాట ‘సిల్లీ’. ఒకప్పుడు దానికి ధన్యుడు, అదృష్టవంతుడు అని అర్థం. ఇప్పుడేమైందో తెలుసుగా. వేదం చదివిన ‘ఛాందసుడు’ మన నోట్లో ఏమయ్యాడో గుర్తు తెచ్చుకుంటే సిల్లీ మీద జాలి కలుగుతుంది.

ఇక అసలు సమస్య, ఇప్పటి వాడుక. నిఘంటువు చూస్తే మంచి, చక్కని, సొగసైన, ఇంపైన అని వరసగా ఇస్తుంది. తప్పు కాదు గానీ ‘నైస్’ బరువు వాటికన్నా తక్కువ. ‘హీ ఈజ్ నైస్’ అన్నదాన్ని ‘అతను ఉత్తముడు’ అంటే చాలా ఎక్కువైపోతుంది. కొన్నిసార్లు దానికి సరిగ్గా సరిపోయేది ‘మంచివాడే’. చివర ఆ ‘ఏ’ ఉంది చూశారా, అంతకు మించి చెప్పడానికేం లేదని అదే చెప్పేస్తుంది. ‘దట్స్ నైస్ ఆఫ్ యూ’ అన్నచోట ‘మీ మంచితనం’ అంటే చాలు. ‘నైస్ టు మీట్ యూ’ని మాత్రం ‘మిమ్మల్ని కలవడం ఆనందంగా ఉంది’ అని రాయలేను. అలా ఎవరు మాట్లాడతారు? ‘సంతోషమండీ’ అంటారు, లేదంటే ఒక నవ్వు నవ్వుతారు.

‘నైస్ అండ్ వార్మ్’ లాంటివి ఇంకో తమాషా. అక్కడ నైస్‌కి అర్థమే లేదు, పక్క మాటకి కాస్త హాయి చేర్చడమే దాని పని. ఆ పనికి మనం మాటనే రెట్టిస్తాం: వెచ్చవెచ్చగా, చల్లచల్లగా. వేరే మాట వెతకక్కర్లేదు.

వెటకారానికి మనకి కరువేం లేదు. ఎవరో పని పాడుచేస్తే ‘నైస్!’ అంటారే, దానికి ‘బాగుంది వరస’, ‘భలేవాడివే’, ‘ఏం ఘనకార్యం చేశావయ్యా’. నా ఓటు ‘బాగానే ఉంది నీ నిర్వాకం’కి.

అన్నిటికన్నా నాకు నచ్చింది మనం ఈ మాటని అరువు తెచ్చుకుని చేసిన పని. పొడి ‘నైస్‌గా’ నూరాలి అంటాం, అంటే మెత్తగా. చెక్క ‘నైస్‌గా’ ఉంది అంటాం, అంటే నున్నగా. ఇప్పటి ఇంగ్లీషువాళ్ళు అక్కడ ‘ఫైన్’ అనో ‘స్మూత్’ అనో అంటారు. ఇక ‘నైస్‌గా మాట్లాడి పని చేయించుకున్నాడు’, ‘నైస్‌గా తప్పించుకున్నాడు’ అన్నప్పుడు మంచితనం ఏ కోశానా లేదు, ఉన్నదంతా లౌక్యమే. దీన్ని తప్పుడు వాడుక అనేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. పారసీ నుంచి వచ్చిన ‘నాజూకు’ కూడా ఇలాగే రెండు పనులూ చేస్తోంది: నాజూకైన ఒళ్ళు, నాజూకుగా తప్పుకోవడం. నునుపుకీ లౌక్యానికీ మన మనసులో ముందే ఒక దారి ఉంది. నైస్ వచ్చి ఆ దారిలో నడిచింది, అంతే.

ఇప్పుడు నా ఇబ్బంది ఒకటే మిగిలింది. ఆ ‘నైస్‌గా తప్పించుకోవడం’ని ఇంగ్లీషు మాట లేకుండా చెప్పాలంటే ‘నాజూకుగా’, ‘ఒడుపుగా’, ‘లౌక్యంగా’ దాకా వచ్చాను. నాజూకులో కొంటెతనం చాలదు, ఒడుపులో నేర్పు తప్ప తియ్యదనం లేదు, లౌక్యం కాస్త పుస్తకాల మాటలా ఉంది. మీ ఇళ్ళల్లో, ముఖ్యంగా పెద్దవాళ్ళు, దీన్ని ఏమంటారు?